వెనక గేరు

ట్రాక్టరు వెనక్కి వెనక్కి వచ్చి జగన్నాధం వాకిట్లోని కుడితి గోలేన్ని గుద్దింది. గోలెం రెండు చెక్కలైంది. కుడితి వాకిలంతా పారింది.

“ఎవుడ్రా అది!” పక్కనున్న రిపేరు షెడ్డులోంచి పానా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు జగన్నాధం. సీటు మీదున్నవాడు తిరిగి చూడలేదు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు ఎవరిదో జగన్నాధానికి వెంటనే తెలిసిపోయింది. భార్య తమ్ముడు సోములు.

“కళ్లెక్కడ పెట్టుకున్నావురా?”

“రోడ్డు మీద,” అన్నాడు సోములు, ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తూ.

అబద్ధం కాదు. తన ఊరి నుంచి ఇక్కడిదాకా మెడ వెనక్కి తిప్పే నడిపాడు. తీరా బావ ఇంటి పెంకులు కనబడగానే మెడ ముందుకి తిప్పేసుకుని, మిగతా దారంతా గుడ్డిగా వచ్చాడు. ఎండాకాలంలో పెళ్లి భోజనాల దగ్గర, పదిమందీ వింటుండగా, “ఆ బండి ఇనపసామానోడికి ఇచ్చీరా” అన్నాడు బావ. అది తండ్రి కొన్న బండి. సోములు విస్తరి ముందు నుంచి లేచిపోయి, “ఈ జన్మలో నీ గుమ్మానికి మొహం పెట్టను” అని ఒట్టేశాడు. ఎవరూ ఆపలేదు. ఆ ఆపకపోవడమే బావ మాట కంటే ఎక్కువ బాధపెట్టింది.

“ఏటయ్యిందో సెప్పు,” అన్నాడు జగన్నాధం.

“ఎనక గేరులో ఇరుక్కుపోనాది. ఇంకే గేరూ పడతం లేదు. రేపు నాట్లు బావా. ఆకునారు తీసీసినారు. మడిలో నీరు నిలబడుంది. ఇయ్యాల బురద దున్ని దమ్ము పట్టకపోతే ఈ ఏడు నా సేను బీడే.”

“నా గుమ్మానికి మొహం పెట్టనన్నావు గదరా?”

“పెట్టినానేటి? సూడు. బండి మొహమూ అటే, నా మొహమూ అటే.”

జగన్నాధం బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. నిజమే.

“నా తమ్ముడు మాట తప్పడు,” అంది గుమ్మంలోంచి పద్మకుమారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“మరి గోలేన్ని గుద్దిందెవులు?”

“బండి. దానికి ఒట్టేటి లేదు,” అన్నాడు సోములు.

“ఇనపసామానోడి కొట్టు దాటుకుని వొచ్చీసినావురా. అక్కడే ఆపీవలిసింది,” అన్నాడు జగన్నాధం.

సోములు చెవులు వేడెక్కాయి. “ఇదిగో, ఇందుకే రాననుకున్నాను. ఎల్లిపోతన్నాను!” అని విసురుగా క్లచ్చి వదిలాడు.

బండి కదిలింది. వెనక్కి. ఇంకో బారెడు గుమ్మం దగ్గరికి వెళ్లి ఆగింది.

జగన్నాధం పానా కింద పడేసి, కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. పద్మకుమారి నవ్వు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. సోములుకి కూడా నవ్వొచ్చింది. పళ్ల బిగువున ఆపుకున్నాడు. నవ్వు వీపులోంచి కనబడదు గదా అనుకున్నాడు.

“దిగరా,” అన్నాడు జగన్నాధం కళ్లు తుడుచుకుంటూ.

సోములు దిగి, ఇంజను ముందు రోడ్డుకి ఎదురుగా నిలబడ్డాడు. వెనకాల గేరుపెట్టె మూత బోల్టులు ఊడుతున్న చప్పుడు. సుత్తి దెబ్బ. బావ తిట్టు. మళ్లీ సుత్తి దెబ్బ. ఒక్కసారి తిరిగి చూడాలని మెడ నరాలన్నీ లాగుతున్నాయి. ఇన్ని నెలలూ ఈ ఇంటిని చూడనని పంతం పట్టాడు గానీ, ఈ ఇంటిని తలుచుకోని రోజు ఒక్కటీ లేదు. అసలు బండి ఇరుక్కుపోగానే మొదట భయం వెయ్యలేదు. బావ ఇంటికి వెళ్లాలన్న ఆలోచన వచ్చింది, దాని వెనకే ఒంట్లో ఏదో హుషారు. అదేమిటో ఇప్పటికీ అతనికి అర్థం కాలేదు.

భుజం మీంచి ఒక గ్లాసు వచ్చింది. చోడి అంబలి, మీద ఉల్లిపాయ ముక్క.

“ఎనక్కి సూడకు, ఒట్టు సెడిపోద్ది,” అంది అక్క. “సిక్కిపోనావురా.”

“ఈపు సూసి సెప్పీగలవేటి?”

“ఈపే సిక్కిపోనాది మరి.”

సోములు ఖాళీ గ్లాసుని భుజం మీంచే వెనక్కి అందించాడు.

“అయ్యింది. ఎక్కు,” అన్నాడు జగన్నాధం. “లోపల ఒక ముక్క వంకరపోయి మిగతా వాటన్నిట్నీ పట్టీసింది. మీ నాయిన బండి గట్టిదే. నానే నోరు జారినాను.”

సోములు వెనక్కి తిరగకుండానే బండెక్కాడు. ఒకటో గేరు పడింది. రెండు పడింది. మూడు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. చేను గట్టెక్కింది, ఒట్టూ నిలబడింది. ఈల వేస్తూ వీధిలోకి నడిపాడు.

వీధి మలుపులో కూలీలతో నిండిన ఆటో ఎదురొచ్చింది. దారివ్వడానికి సోములు వెనక గేరు వేశాడు. రాడ్డు గాల్లో తిరిగినట్టు తిరిగింది. మళ్లీ వేశాడు. పడలేదు. ఏమైందోనన్న కంగారులో సీటు మీద నుంచి లేచి, వెనక్కి పూర్తిగా తిరిగిపోయాడు.

గుమ్మంలో జగన్నాధం చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఆ చేతిలో నూనెతో మెరుస్తూ, సాపు చేసిన ఇనపముక్క ఒకటి ఉంది.

“దమ్ముకి ముందు గేర్లు సాల్రా!” అని అరిచాడు. “ఎనక గేరు నా దగ్గరే ఉన్నాది! నాట్లయ్యాక మొహం ఇటు పెట్టుకునొచ్చి బిగించుకో!”