భోజనానంతరం

చేలో కళ్లు తిరిగి పడిపోయిన అత్తను ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది సరళ. షుగర్ మాత్రల డబ్బా విప్పి చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు.

"ఏమత్తా, తెచ్చినవి తెచ్చినట్టే ఉండాయే! డబ్బాలో చీటీ పెట్టినారు గదా, అదన్నా చూడలేదా?"

నల్లమ్మ విసురుగా లేచి కూర్చుంది.

"చూడకేం! చీమ తలకాయంత అక్షరాలు. అద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటే కూడబలుక్కొని చదివినా. రాసినోళ్ల నోట్లో మన్ను పడ!"

"చదివి గూడా ఎందుకు మింగలేదు?"

"భోజనానంతరం సేవించవలెను అని ఉండాది. అనంతరం అంటే తర్వాతనే గదా?"

"అవును. మూడు పూటలా తింటానే ఉండావు గదత్తా!"

"తినేది సంగటి గదమ్మా!" నల్లమ్మ గొంతు పెంచింది. "భోజనమంటే పెండ్లిలో ఆకేసి పెట్టేది. వానల్లేక ఈ యేడు మనూర్లో ఒక్క పెండ్లన్నా అయిందా? ఇంగ నేను భోజనం యాడ చేసేది?"