ఆగు బిడ్డా మిక్స్

"బాక్సుల పక్కకు పోకే, చెవులు పోతయి," అంటూ ఉమేరా తన దోస్తు రెబెకా చున్నీ పట్టి లాగింది.

రెబెకా కదల్లేదు. డీజే బండి మీద నల్లటి బాక్సులు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. దెబ్బ పడినప్పుడల్లా గుండెలో గుద్దినట్టవుతోంది. బండి ముందు పెండ్లికొడుకు దోస్తులు దుమ్ము లేచేలా ఎగురుతున్నారు. సాయంత్రపు ఎండలో బిజినేపల్లి బజారంతా మెట్ల మీదికి వచ్చి బరాత్ చూస్తోంది.

"మంచి మంచి పాటలేస్తుండు. ఒక్క స్టెప్పన్న ఎయ్యవా?"

"అది ఇంకా రాలేదు."

"ఏది, ఆగు బిడ్డా మిక్సా?" ఉమేరా నెత్తి కొట్టుకుంది. "ఈ ఏడు ఎన్ని కొత్త పాటలొచ్చినయే. మా ముదస్సిర్ భాయ్ నన్ను హైదరాబాద్‌ల కాన్సర్టుకు తీస్కపోయిండు. అందరు ఫోన్ల లైట్లు పట్టుకొని పాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నువ్వేమో ఒక్క పాట పట్టుకొని మల్దకల్ జాతరకు పోతివి, కోడేరు పెండ్లికి పోతివి. పిలవని పెండ్లిళ్లకు గూడ పోతున్నవ్."

"నాకు ఇదే కాన్సర్టు."

"పాట కోసం పోతున్నవా, పాట వేసేటోని కోసమా?"

రెబెకా తల దించుకుంది. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తని పిల్ల ఆమె.

అదే మాట మధ్యాహ్నం ఇంట్లోనూ పడింది. నాయన పుణెలో మేస్త్రీ పనికి పోయాక ఇంట్లో ఉండేది రెబెకా, ఆయన తల్లి పుష్పమ్మ. రెబెకా గడప దాటబోతుంటే ఆమె అడ్డం నిలబడింది.

"చర్చికి రమ్మంటే కాళ్లు నొస్తయి నీకు. డీజే అంటే ఉరుకుతవ్. ఆ రంజిత్ గాడు ఏం మందు పెట్టిండే? మీ అమ్మ ఉంటే గిట్ల తిరగనిస్తుండెనా?"

"పాట వినొస్త అవ్వా. గంతే."

"మీ నాయనకు ఫోన్ చేస్త చూడు."

రెబెకా అక్కడే నిలబడింది. బతిమాలలేదు, వెనక్కి తిరగలేదు. కాసేపటికి ముసలామే పక్కకు జరిగింది.

"పోతే పో. ఆటో మాత్రం ఎక్కకు."

నిరుడు కూలీల ఆటో బోల్తా పడినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆటో ఎక్కరు. రెబెకా నడిచే వచ్చింది.

బండి మీద రంజిత్ మైకు అందుకున్నాడు. "బిజినేపల్లీ, ఇయ్యాల ఆఖరుసారి. పాత ఆగు బిడ్డా మిక్స్. రేపటి సంది కొత్తది. స్టూడియోల పాడిచ్చిన."

ఈలలు లేచాయి. రెబెకా ఉమేరా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అదొక నాట్ల పాట. రంజిత్ వేగం పెంచడంతో పాడిన ఆడమనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నబడింది. ఆమె ఎవరో జనానికి తెలియదు, అడిగినవాళ్లూ లేరు. పాట నడుమ చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎగిరేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడతారు. అప్పుడా గొంతు పాట మాని ఒక మాట అంటుంది.

"ఆగు బిడ్డా, వస్తున్న."

ఆ మాటనే జనమంతా గొంతెత్తి అరుస్తారు. వెంటనే బేస్ విరుచుకుపడుతుంది, మళ్లీ దుమ్ము లేస్తుంది. ఈ ఒక్క మాట కోసమే రంజిత్‌ను పెండ్లిళ్లకు పిలుస్తున్నారు.

రెబెకా అరవలేదు. కళ్లు మూసుకుని నిలబడింది.

పాట అయిపోయాక ఉమేరా ఆమె మొహం చూసి ఎగతాళి మానేసింది. "నా ఫోన్‌ల ఎక్కించుకుందామంటే ఈలలు తప్ప ఏం పడలే. ఇగ పో, పోయి చెప్పెయ్. ఇయ్యాల చెప్పకుంటే ఇంకెప్పుడు చెప్పవు నువ్వు."

బరాత్ ఇల్లు చేరింది. అందరూ భోజనాలకు లోపలికి వెళ్లారు. వైర్లు చుడుతున్న రంజిత్ ముందుకు రెబెకా వెళ్లి నిలబడింది. అతను ఇబ్బందిగా నవ్వాడు.

"చూడు చెల్లె, నువ్వు ప్రతి పెండ్లికి వస్తున్నవని మా పోరగాళ్లు అంటుండ్రు. నాకు వనపర్తిల సంబంధం కుదిరింది. ఏమనుకోకు."

"గది కాదన్నా." ఆమె గొంతు ఆమెకే సరిగ్గా వినపడలేదు. "కొత్తదాంట్ల పాత గొంతు ఉండదా?"

"ఉండదు. పాతది గరగర ఉండె. ఆ మాట గూడ మళ్ల చెప్పిచ్చిన."

"పాతది నాకియ్యవా?"

"మిక్స్ ఎవ్వరికియ్య. ఇస్తే రేపు అందరు డీజేలు అదే కొడ్తరు."

"మిక్స్ వద్దన్నా. బీట్ లేకముందుది."

రంజిత్ వింతగా చూశాడు. "దాన్నేం చేస్కుంటవ్? నాట్లల్ల ఎవరో ఫోన్‌ల తీసి స్టేటస్ పెట్టుకున్నరు. గ్రూపులల్ల తిరిగి నా దాంక వచ్చింది. తీసేసిన్నో ఏమో గూడ తెల్వదు."

అయినా ల్యాప్‌టాప్ తెరిచి వెతికాడు. రెబెకా తెర మీదికి వంగింది. చివరికి దొరికింది. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టాడు.

వేగం లేదు. బీట్ లేదు. బొంగురుగా, నిదానంగా ఒక గొంతు. గాజుల చప్పుడు, బురద నీళ్ల చప్పుడు. పాట నడుమ ఆగింది.

"ఆగు బిడ్డా, వస్తున్న."

బేస్ పడలేదు. బురదలో అడుగులు వినిపించాయి. దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తుండగానే రికార్డింగ్ అయిపోయింది.

"ఇంకోసారి పెట్టన్నా."

పెట్టాడు. అడుగులు మళ్లీ అక్కడే ఆగిపోయాయి.

"ఇంకోసారి."

"ఏందమ్మా, గట్ల ఏడుస్తున్నవ్?" రంజిత్ గాబరా పడ్డాడు. రెబెకాకు ఫోన్ లేకపోవడంతో ఉమేరా నంబరు అడిగి పాట ఆమె ఫోన్‌కు పంపాడు. తర్వాత, "పాడినామె ఏ ఊరామెనో పాపం. బిడ్డ సద్ది తెచ్చి గట్టు మీద నిలబడ్డట్టుంది," అన్నాడు.

ఆ బిడ్డ రెబెకానే.