తేలికపాటి కెమెరా

"ఇది నావల్ల కాదండీ. మెడకి బండ కట్టుకున్నట్టుంది," అంటూ పెద్ద కెమెరాని మెల్లిగా బల్ల మీద పెట్టేసింది ఇందిర.

"తన కుడి మణికట్టు ఒకసారి విరిగి అతుక్కుందండి," అన్నాడు పక్కనున్న విజయకుమార్. "చలికాలం వస్తే మరీ నెప్పి. ఇంకాస్త తేలిక రకం ఏదైనా ఉంటే చూపించండి."

"ఆయ్, ఉందండి," అని అప్పలస్వామి లోపలికెళ్ళాడు. అమలాపురం గడియారస్తంభం దగ్గర అతని కెమెరాల కొట్టు. ఆ నవంబరులోనే, అంటే రెండువేల తొమ్మిదిలో, హైదరాబాద్ నుంచి కొత్త రకం కెమెరా ఒకటి తెప్పించాడు. ఇంకా ఎవరూ దాన్ని చేత్తో పట్టుకుని చూడలేదు.

"దీన్ని మిర్రర్‌లెస్ అంటున్నారండి. పెద్ద కెమెరాల్లో లెన్సు వెనకాల ఒక అద్దం ఉంటుంది కదండీ, అది తీసేసేరు. అందుకే ఇంత పల్చగా వచ్చింది. లెన్సులు మాత్రం వాటిల్లోలాగే మార్చుకోవచ్చు."

ఇందిర దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, కంటి దాకా తీసుకెళ్ళి, దించి, మళ్ళీ ఎత్తింది. ఆమె మొహం విప్పారింది. "ఇది మొయ్యగలను," అంది.

కాట్రేనికోన హైస్కూల్లో డ్రాయింగ్ టీచరట. ఇన్నాళ్ళూ పాత రీలు కెమెరాతో సముద్రపు పడవల్నీ, వలలు బాగుచేసుకునే వాళ్ళనీ తీసిందట. ఇప్పుడు సెలవు పెట్టి హంపి, అక్కణ్ణించి రాజస్థాన్.

"మీరూ ఫోటోలు తీస్తారాండీ?" అని అడిగాడు అప్పలస్వామి విజయకుమార్‌ని.

"అబ్బే, కొబ్బరి వ్యాపారమండి నాది. ప్రయాణాలంటే అసలు పడదు. బస్సెక్కితే రావులపాలెం దాటకుండానే కడుపులో తిప్పేస్తుంది."

అప్పలస్వామికి చురుక్కుమంది. కన్యాకుమారి చూపించమని అతని భార్య సత్యదుర్గ ఎన్నేళ్ళుగానో అడుగుతోంది. కిందటి నెల మళ్ళీ అడిగితే, "కొట్టు మీ నాన్న చూస్తాడా?" అని అరిచాడు. మర్నాడే ఆమె సంచీ సర్దుకుని ఆత్రేయపురం పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్ళినావిడే రావాలని బిగుసుకుని కూర్చున్నాడే గాని, ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. ఈయన చూడబోతే బస్సు పడకపోయినా పెళ్ళాం ప్రయాణానికి కెమెరా ఏరుతున్నాడు!

లెన్సుల దగ్గర కాసేపు వాదన నడిచింది.

"దూరానివి లాగే పొడుగు లెన్సు తీసుకో," అన్నాడు విజయకుమార్. "కొత్తవాళ్ళ దగ్గరికెళ్ళి నించోవాలంటే మొహమాటపడతావు."

"ఇప్పుడు పడనులెండి."

అతను ఆమె వైపు చూసి, "అవును, పడవు," అని ఊరుకున్నాడు.

చివరికి రెండు తేల్చారు. కోటలకీ కొండలకీ జూమ్ లెన్సు ఒకటి. మనుషుల మొహాలకి పల్చటి చిన్న లెన్సు ఇంకొకటి. వెలుతురు తక్కువున్నా ఇది బాగా పనిచేస్తుందని అప్పలస్వామి చెప్పాడు. పొడుగుది మళ్ళీ అలమరాలోకి వెళ్ళిపోయింది.

"ఒక్కతే ఉన్నప్పుడు తన ఫోటో తను తీసుకోవాలంటే ఎలాగండీ?" అని అడిగాడు విజయకుమార్.

అప్పలస్వామి నవ్వేశాడు. "మీరుండగా ఆవిడకి ఆ ఇబ్బందేంటండీ?"

"అయినా చెప్పండి."

టైమరు ఎలా పెట్టాలో చూపించాడు అప్పలస్వామి. విజయకుమార్ ముందు తను నేర్చుకుని, తర్వాత ఆమెకి నేర్పాడు. వానకి తడవకుండా ఒక కవరు కూడా అడిగి బ్యాగు పక్కజేబులో పెట్టాడు. "ఇక్కడుంది, మర్చిపోకు," అన్నాడు. డబ్బులిచ్చేటప్పుడు అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది. "నేనిస్తానండీ," అంది ఇందిర. అతను చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళాక ఆమె ఆగింది.

"ఏవండీ, ఒక్కసారి ఇటు తిరగండి."

అతను తిరిగి, చొక్కా సర్దుకుని, బుద్ధిగా నిలబడ్డాడు. కెమెరా క్లిక్కుమంది. ఇందిర కెమెరా వెనకాల తెర మీద బొమ్మని చాలాసేపు చూసింది.

"బాగా వచ్చిందాండీ?" అన్నాడు అప్పలస్వామి.

"వచ్చిందండి. కదలకుండా నిలబడ్డం ఇదే మొదటిసారి," అని ఆమె నవ్వింది. విజయకుమార్ బ్యాగు అందుకుని తన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ బస్‌స్టాండు వైపు నడుస్తుంటే, రోడ్డు మలుపు తిరిగే దాకా అప్పలస్వామి చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత అతను కొట్లో కూర్చోలేకపోయాడు. షట్టరు దించేసి ఆత్రేయపురం బస్సెక్కాడు.

సత్యదుర్గ వీధరుగు మీద తల్లితో కలిసి పూతరేకులు చుడుతోంది. అతన్ని చూసి తలెత్తి, మళ్ళీ దించుకుంది.

"కన్యాకుమారి వెళ్దాం," అన్నాడు అప్పలస్వామి.

"కొట్టెవరు చూస్తారు?"

"తాళం చూస్తుంది."

ఆమె చేతిలో రేకు చిట్లింది. "ఎవరేం చెప్పేరు మీకు?"

"ఎవరూ ఏం చెప్పలేదు. ఇవాళ ఇద్దరు మనుషుల్ని చూసేను. అంతే."

ఆ వారం చివర్లో ప్లీడరు సూర్యప్రకాష్ తన ఫోటోల కోసం వచ్చాడు. కొట్లో సత్యదుర్గ కూడా ఉంది.

"ఏమ్మా, అలక తీరిందా?" అని పలకరించాడు ఆయన.

"తీరిందండి," అన్నాడు అప్పలస్వామి ఉత్సాహంగా. "అంతా కాట్రేనికోన వాళ్ళ చలవండి. ఇందిర గారని డ్రాయింగ్ టీచరు, ఆవిడాయన విజయకుమార్ గారూను. సోమవారం మధ్యాహ్నం వచ్చి కెమెరా కొనుక్కెళ్ళేరు. ఆవిడ చెయ్యి నెప్పి ఆయనకి తెలుసు, ఆవిడ మొహమాటం ఆయనకి తెలుసు. మొగుడూ పెళ్ళాలంటే అలా ఉండాలండి."

ఫోటోల కవరు అందుకోబోతున్న సూర్యప్రకాష్ చెయ్యి ఆగిపోయింది. "సోమవారమా?"

"ఆయ్."

"ఆ పొద్దుటే వాళ్ళకి విడాకులొచ్చేయయ్యా."