పెన్‌డ్రైవ్‌కు బొట్టు

కంప్యూటర్లను నడిపే లినక్స్ గొప్పతనం చెప్పమని గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు పిలిస్తే పర్చూరు నుంచి ఎగేసుకుంటూ వెళ్లాను. దసరా సెలవులు అప్పుడే అయ్యాయి. నా కాలరుకు మైకు తగిలించారు. హాలు నిండా విద్యార్థులు. నా ప్రసంగం పేజీలున్న పెన్‌డ్రైవ్‌ను కంప్యూటరుకు గుచ్చాను. లినక్స్ దాన్ని గుర్తించలేదు.

"కంగారేం లేదు. తప్పెక్కడుందో లినక్సే చెబుతుంది" అని మౌంట్ కమాండు కొట్టాను. అలాంటి డివైసే లేదంది. జరిగిందంతా రాసిపెట్టే సిస్టం లాగ్ తెరిచాను. అందులోనూ దాని ఊసే లేదు. పోర్టు మార్చాను. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ పాతదన్నాను. ఆఖరికి కాలేజీ కరెంటును కూడా తిట్టాను. వెనక వరసల్లో ఆవలింతలు మొదలయ్యాయి.

విసిగిపోయి పెన్‌డ్రైవ్ బయటికి లాగి చూస్తే, దాని మూతి నిండా పసుపూ కుంకుమా ఎండి అట్టకట్టి ఉన్నాయి.

ఒళ్లు మండి అక్కణ్నుంచే ఇంటికి ఫోన్ చేశాను. "కనకం! ఆయుధపూజ నాడు పెన్‌డ్రైవ్‌కు బొట్టు పెట్టమని నీకెవరు చెప్పారు?"

"మీరేగా!" అంది మా ఆవిడ. "నేను స్కూటరుకు పెడుతుంటే, 'మీటింగులో నా పరువంతా దీని మీదే ఉంది, దీనికి కాస్త గట్టిగా పెట్టు' అన్నారుగా!"

"నేనా? నేనే పెట్టమన్నానా?"

హాలంతా ఘొల్లున నవ్వింది. కాలరు మైకు సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

రుమాలుతో శుభ్రంగా తుడిచి పెడితే ఇట్టే తెరుచుకుంది. నా వెనక తెర మీద మొదటి పేజీ పెద్దక్షరాల్లో వెలిగింది: "లినక్స్‌కు పూజలు అక్కర్లేదు."