పదిహేడో టైలు

డ్రిల్లు మాస్టారు ఈల ఊదితే మూడు వీధుల అవతలి కుక్కలు కూడా వరసలో నిలబడేవి.

అలాంటి మనిషికి కుడి మోకాలు మార్చారు.

మర్నాడే నర్సమ్మ వాకర్ చేతికిచ్చి నడవమంది. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది. కాస్త వంచితే పట్టపగలే చుక్కలు కనబడుతున్నాయి.

మూడోనాటికి వరండా చివరిదాకా నడిస్తేనే ఇంటికి పంపుతామన్నారు. వచ్చే నెల మనవరాలి పరుగు పందెం. గీత దగ్గర నిలబడి ఈల ఊదుతానని ఆయన ముందే మాటిచ్చేశారు.

వరండా మధ్యలో బల్ల మీద ఒక ముసలాయన, కాళ్లు బారచాపుకుని కూర్చున్నాడు.

“ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. పదిహేడో టైలు దగ్గర మాత్రం కాస్త ఎత్తి వెయ్యండి మాస్టారూ.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదండి. ఊరికే కూర్చున్నా.”

నలభై ఏళ్లు పిల్లల్ని నడిపించిన తనకి పనీపాటా లేనివాడు నడక నేర్పడమా అని మాస్టారికి ఒళ్లు మండింది. పదిహేడో టైలుకి బొటనవేలు తగిలింది. నర్సమ్మ పట్టుకోబట్టి సరిపోయింది.

రెండో రోజు మంచం మీద మడమ జరుపుతూ మోకాలు వంచమంటే ఆస్పత్రి కిటికీలు అదిరేలా అరిచారు. బయటికొస్తే మళ్లీ అదే ముసలాయన, అదే పదిహేడు. మాస్టారు విననట్టే మొహం పెట్టి, కాలు మాత్రం ఎత్తి వేశారు.

మూడో రోజు నలభై రెండు టైల్సూ దాటి, వెనక్కి తిరిగి, ఛాతీ విరుచుకుని బల్ల ముందు ఆగారు.

“చూశావా? నా అంతట నేనే నడిచా. ఇక లే, నేను కూర్చోవాలి.”

ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లు రెండూ కర్రల్లా బిగుసుకున్నాయి.

“నేల జారలేదు కదండీ? ఇవాళ నడిచేవాళ్లలో మీరే ఆఖరు,” అని నవ్వుకుంటూ మలుపు తిరిగిపోయాడు.

ఈయనకి ఆపరేషన్ చెయ్యరేమని మాస్టారు నర్సమ్మని అడిగారు. గుండె తట్టుకోదని డాక్టర్లు వద్దన్నారట.

“మరి రోజూ ఇక్కడేం పని?”

నర్సమ్మ వాకర్ సరిచేస్తూ చెప్పింది.

“ఈ నేలంతా మోకాళ్ల మీద పాకుతూ పరిచింది ఆయనే మాస్టారూ, ఆ ఒక్క టైలే కాస్త ఎత్తుగా వచ్చింది, తీసి మళ్లీ వేద్దామంటే ఇప్పుడు మోకాళ్లు వంగవు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు, అందుకే మీలాంటివాళ్లు తట్టుకుని పడకుండా పదకొండేళ్లుగా దాని పక్కనే కాపలా కూర్చుంటున్నాడు.”