జోడుచెరువుల కొండ

"మనం ఈడికి వచ్చేది ఎవురికైనా చెప్పినావా?" కొండ మెట్లెక్కుతూ వెనకనుంచి అడిగాడు రంగనాథన్.

రాజాంబాళ్ కాళ్ళు ఆగాయి. "లేదన్నా. చెప్పేదానికి యాడ తీరింది? బండి దిగకుండానే రమ్మంటివి."

"మంచిదే. పైన ఎవురన్నా ఉండారా?"

ఆమె తలెత్తి చూసింది. ఆదివారమైతే రాయవేలూరు దొరలు గుర్రాల మీద వచ్చి, గుహలో బొమ్మలు చూసి పోతారు. ఈ రోజు మంగళవారం. పైన గుహ, కొండకు చెరొక పక్క చెరువు, ఎండ. అంతే.

"ఎవురూ లేరు."

"సరి. నువ్వు ముందు నడువు. మాట్లాడతా నడువు."

అమ్మ పోయాక గుడియాత్తం ఇంటిని అమ్మేద్దామన్నాడు ఈ అన్న. మొగుడు లేనిదాన్ని, మగ్గం ఎత్తుకొని యాడికి పొయ్యేదని ఆమె ఒప్పుకోలేదు. ఏడాదిగా మాటల్లేవు. పొద్దున తన ఊరు పళ్ళికొండనుంచి బండి కట్టించుకొని వచ్చి, చిన్నప్పుడు అమ్మ చూపించిన కొండను ఇంకొకసారి చూద్దాం రమ్మంటే సంతోషంగానే ఎక్కింది. బండివాణ్ణి కిందనే ఉండమన్నప్పుడు ఆమెలో అనుమానం మొదలైంది.

మలుపులో అతని చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆమె విదిలించుకుంది.

"ఏమమ్మణ్ణీ?"

"ఏమీ లేదు. ఉక్కగా ఉండాది."

గుహలో రాతిగోడ నిండా ఆడబొమ్మలు. అతను ఒక బొమ్మ దగ్గరికి చేరి రెండు చేతులతో దాని ముఖం తడిమాడు. చేతులు మెల్లగా కిందికి దిగి మెడ చుట్టూ ఆగాయి.

"ఎంత సన్న మెడ," అన్నాడు.

రాజాంబాళ్ వెనక్కి జరిగింది. "దిగిపోదామన్నా."

"చెరువు కాడికి పోకుండానా? నీకొక మాట చెప్పల్ల. ఆడికి పోయినాక చెప్తాను."

"ఈడే చెప్పు."

"ఈడ వద్దు. బండివాడు వెనకాలే వచ్చినాడేమో. వాడు వినగూడదు."

"ఇంటి సంగతేనా?"

"అదీ ఉండాది." అతను బొమ్మను వదిలి ఇటు తిరిగాడు. "ఇప్పుడు చెరువులో నీళ్ళు నిండుగా ఉండాయా?"

ఆమె ఇంకో అడుగు దూరం జరిగింది. తను ఈ నీళ్ళలో పోతే, ఆ ఇంటికి అడ్డం చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. కాలు జారిందని బండివాడికి చెబితే సరిపోతుంది.

గుహ దాటితే చదునైన బండ. ఆమె నోరు మూసుకొని, చప్పుడు కాకుండా పక్కకు తప్పుకుంది. ఒక పెద్ద గుండురాయికి వీపు ఆనించి, చేతికందిన రాయి తీసుకుంది. తోడబుట్టినవాడైనా సరే, మీదికొస్తే కొట్టేదే.

అతను మీదికి రాలేదు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా, ఆమె ముందునుంచే నడిచిపోయాడు. ఆమె వైపు ఒకసారైనా చూడలేదు. నాటకమనుకుంది రాజాంబాళ్.

అతను ఆగలేదు. తిన్నగా బండ అంచుదాకా పోయాడు. అక్కడినుంచి కిందికి చూస్తే తాటిచెట్టంత లోతున నల్లటి నీళ్ళు. ఒక పాదం సగం అంచు దాటింది. రెండో కాలు లేచింది.

చేతిలో రాయి ఏమైందో ఆమెకు తెలియదు. ఉరికి, రెండు చేతులతో అతని నడుము పట్టుకొని వెనక్కి లాగింది. ఇద్దరూ బండమీద పడ్డారు.

రంగనాథన్ లేచి కూర్చున్నాడు. ఆమె లేని వైపుకు తిరిగి, గాలిలో చెయ్యి చాచి వెతుక్కున్నాడు.

"యాడుండావమ్మణ్ణీ? నువ్వు మాట్లాడకపోతే నాకు దోవ ఎట్ట తెలిసేది? చెరువు ఇంకా ఎంత దూరం ఉండాది?"