తప్పిన దెబ్బ

ఏంటోయ్, అప్పుడే ఆ నవ్వేంటి? పాత రికార్డు కోసం పెద్ద మగాళ్లు చెమటలు కక్కడమేమిటనా? తిరగని పెళ్లి క్యాసెట్టుని బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకున్నవాడివి, నువ్వు నవ్వకూడదు. నోరు మూసుకుని విను.

అమెరికాలోని టొలీడోలో కార్మికుల యూనియన్ హాలు. ఆదివారం రికార్డుల సంత. బయట సన్నగా మంచు.

వెర్లిన్ చేతిలో చిన్న రికార్డు.

అది 'టిన్ రూఫ్ బాయ్స్' అనే బృందం పాట. అరవైల్లో నలుగురు స్కూలు పిల్లలు కారు షెడ్డులో వాయించి, తామే అచ్చు వేయించుకున్న రాక్ పాట. ఆ రికార్డులన్నీ కారు డిక్కీలో ఎండకి అప్పడాల్లా వంకర్లు పోయాయని చెప్పుకుంటారు. సంతలో ఆ బృందం పేరు విననివాళ్లు లేరు. పాట విన్నవాళ్లూ లేరు.

ఈ ఒక్కదాని కోసం వెర్లిన్ తన గోడ పొడుగునా ఉన్న రికార్డులన్నీ ఇచ్చేశాడు. ఇది నకిలీదైతే ఇక మిగిలేది ఆ గోడే.

తేల్చాల్సింది స్టాన్. ఏది అసలు, ఏది నకిలీ అన్నదాంట్లో ఈ చుట్టుపక్కల అతని మాటే తీర్పు. పక్కన అతని స్నేహితుడు డ్వేన్, నోట్లో డోనట్.

"దీన్ని ఇంటర్నెట్లో గానీ పెట్టావా?" అన్నాడు స్టాన్.

"పిచ్చా? మా ఆవిడక్కూడా వినిపించలేదు. నాకిచ్చినవాడి దగ్గర అసలు ప్లేయరే లేదు."

స్టాన్ రికార్డుని లైటు కింద వంచాడు. లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి చోట గీసిన అంకెలు చూశాడు.

"హుమ్" అన్నాడు.

వెర్లిన్ అతని మొహం దగ్గరికి వంగాడు.

"హుమ్ అంటే ఏంటయ్యా? మంచి హుమ్మా, చెడ్డ హుమ్మా?"

"ముందు పెట్టు. ఒక్కసారే. సూది పడ్డప్పుడల్లా అరిగిపోతుంది."

వెర్లిన్ బల్ల మీది ప్లేయర్లో రికార్డు పెట్టాడు. పాట మొదలైంది. గరగరమని గిటారు. ధన్ ధన్ మని డ్రమ్ము.

దాంతోపాటే టక్ టక్ టక్.

పక్క కుర్చీలో ఓ ముసలావిడ, ఎర్ర ఉన్ని టోపీ, ముందు కాఫీ, డోనట్. బస్సు వచ్చేదాకా చలికి లోపలికొచ్చి కూర్చుంది. కాఫీ కలిపే పుల్లలతో బల్ల మీద కొడుతోంది.

రెండో చరణంలో డ్రమ్ము ఒక దెబ్బ తప్పింది. వెంటనే గబుక్కున రెండు పడ్డాయి. బల్ల మీద పుల్లలూ అంతే.

"అమ్మా, తల్లీ! ఇక్కడో మనిషికి ప్రాణం పోతుంటే ఆ దరువేంటి?" డ్వేన్ కసిరాడు.

"ఏం చెయ్యను నాయనా, చేతులు మాట వినవు."

పుల్లలు కాఫీ కప్పులో పడేసింది.

పాట అయిపోయింది. వెర్లిన్ స్టాన్ వైపు తిరిగాడు.

"నకిలీది" అన్నాడు స్టాన్.

"ఎలా చెప్తావ్?"

"ఆ తప్పిన దెబ్బ. ఎవడో ఈమధ్య కంప్యూటర్లో ముక్కలు అతికించాడు. అతుకు సరిగ్గా కుదరలేదు."

"పిల్లలు కదా స్టాన్! తడబడి ఉంటారు."

"తడబడినవాడు ఆ వెంటనే అంత శుభ్రంగా అందుకోలేడు."

"అది కాదు నాయనా, అసలక్కడ..." అంది ముసలావిడ.

"మీరు కాఫీ తాగండమ్మా, చల్లారిపోతుంది" అన్నాడు డ్వేన్.

వెర్లిన్ రికార్డు వైపు వేలు చూపించాడు. "మరి అసలుదని ఎవరు చెప్తే నమ్ముతావ్?"

"వాయించినవాళ్లలో ఒకడొచ్చి చెప్పాలి. ఆ నలుగురబ్బాయిల కోసం నేను తిరగని ఊరు లేదు. ఒక్కడి జాడా లేదు."

వెర్లిన్ రికార్డు తీసుకుని చెత్తబుట్ట వైపు నడిచాడు.

"పారేస్తావా బాబూ? అయితే నాకియ్యి" అంది ముసలావిడ.

"ఇది దేనికీ పనికిరాదమ్మా."

"మళ్లీ ఓసారి ఆలోచించుకో."

"ఏముంది ఆలోచించడానికి? పెద్దాయన చెప్పేశాడుగా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఊరికే తీసుకోకూడదు" అంటూ తన డోనట్ అతని చేతిలో పెట్టింది. రికార్డుని సంచిలో ఉల్లికాడల పక్కన జాగ్రత్తగా సర్దుకుంది.

బయట బస్సు హారన్ మోగింది. ఆవిడ వెళ్లిపోయింది.

డ్వేన్ మూతి తుడుచుకున్నాడు. "ఏమాటకామాటే, ముసలమ్మ దరువు మాత్రం భలే. ఆ తప్పిన చోట కూడా తప్పింది, చూశారా?"

"అదేం గొప్ప? ముందే విన్న పాటైతే ఎవరైనా కొడతారు" అన్నాడు స్టాన్.

అనేసి, ఆగిపోయాడు.

వెర్లిన్ డోనట్ కొరకబోయి ఆగాడు. "ముందే ఎక్కడ వింటుంది? ఆ పాట మా ఇంటి గడప దాటింది ఇవాళేగా?"

ముగ్గురూ తలుపు దగ్గరికి పరిగెత్తారు. మంచులో బస్సు మలుపు తిరుగుతోంది.

"స్టాన్" అన్నాడు వెర్లిన్, డోనట్ చేత్తో పట్టుకునే. "నువ్వు వెతుకుతున్న నలుగురబ్బాయిల్లో ఒకడు ఎర్ర టోపీ పెట్టుకుని, నా రికార్డు సంచిలో వేసుకుని, ఇప్పుడే బస్సెక్కాడయ్యా."